బడికి ముందు వయసు పిల్లల కదలికల ఎదుగుదలను అంచనా వేయడం: మూడు నుంచి ఆరేళ్ల వరకు సమగ్ర మార్గదర్శి

నాలుగేళ్ల పిల్ల కత్తెరతో కాగితం కత్తిరించలేకపోయిందంటే రెండు కారణాలు ఉండొచ్చు. వేళ్లకు ఆ పట్టు ఇంకా రాకపోవడం ఒకటి. ఇంతవరకు ఎవరూ ఆ పిల్ల చేతికి కత్తెర ఇవ్వకపోవడం రెండోది. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి, రిజిస్టర్‌లో రెండింటికీ అదే సున్నా పడుతుంది. మొదటిదైతే వెంటపడి చూడాల్సిన విషయం, రెండోదైతే మూడు వారాల ఆటతో తీరిపోయే విషయం. ఈ రెండింటినీ విడదీయడమే ఈ వయసు పిల్లల పరీక్షలో అసలు పని. కింద చెప్పే పద్ధతి అంగన్‌వాడీ టీచర్లు, ప్లేస్కూల్ టీచర్లు చేయదగ్గది. ఓపిక ఉంటే ఇంట్లో తల్లిదండ్రులూ చేయొచ్చు. ఇది జల్లెడ పట్టడం మాత్రమే. జబ్బుకు పేరు పెట్టడం డాక్టరు పని.

వయసు లెక్కతో మొదలు

"మూడున్నర ఉంటుందండీ" అన్న మాట మీద పరీక్ష మొదలుపెట్టొద్దు. ఈ వయసులో ఆరు నెలల తేడా చాలా పెద్దది. పరీక్ష తేదీలోంచి పుట్టిన తేదీని రోజులు, నెలలు, సంవత్సరాల వరుసలో తీసేయండి. ఉదాహరణకు పరీక్ష 2025 జూలై 10న, పాప పుట్టింది 2021 నవంబరు 24న. 10లోంచి 24 పోదు కాబట్టి ఒక నెల అప్పు తెచ్చుకుంటే 40 లోంచి 24 పోగా 16 రోజులు. మిగిలిన 6 నెలల్లోంచి 11 పోదు, ఒక ఏడాది అప్పు తెచ్చుకుంటే 18 లోంచి 11 పోగా 7 నెలలు. 2024లోంచి 2021 పోగా 3. అంటే 3 సంవత్సరాల 7 నెలల 16 రోజులు. బడిలో చేర్చడం కోసం రాయించిన తేదీకీ, అసలు తేదీకీ తేడా ఉండటం మన దగ్గర కొత్తేమీ కాదు. జనన ధ్రువీకరణ పత్రం లేదా మాతా శిశు సంరక్షణ కార్డు చూసి రాసుకోండి.

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ అయితే ముందుగా పుట్టిన వారాలను వయసులోంచి తగ్గించే పద్ధతి సాధారణంగా రెండేళ్ల వరకే. మూడేళ్లు దాటాక అసలు వయసే లెక్క. అయినా ఆ సంగతి కాగితం మీద ఉండాలి, ఎందుకంటే అలాంటి పిల్లల్లో కదలికల ఇబ్బందులు కొంత ఎక్కువగా కనిపిస్తాయి.

తల్లిని అడగాల్సినవి

పది నిమిషాలు చాలు. పుట్టగానే ఏడ్చిందా, ఐసీయూలో ఉంచారా, మూర్ఛలు వచ్చాయా, ఎప్పుడు కూర్చుంది, ఎప్పుడు నడిచింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ప్రచురించిన ప్రమాణాల ప్రకారం ఆరోగ్యంగా ఉన్న పిల్లలు ఊతం లేకుండా నడవడం 8.2 నుంచి 17.6 నెలల మధ్య ఎప్పుడైనా జరగవచ్చు. ఆ అధ్యయనంలో మన దేశపు పిల్లలూ ఉన్నారు. కాబట్టి "పక్కింటి బాబు పది నెలలకే నడిచాడు" అనే పోలికను పట్టించుకోనక్కర్లేదు. పద్దెనిమిది నెలలు దాటాకే నడిచిందంటే మాత్రం రాసుకోండి.

ఇంకో ప్రశ్న అన్నిటికంటే విలువైనది: "ఇంతకుముందు చేసిన పని ఏదైనా ఇప్పుడు చేయడం మానేసిందా?" మెట్లెక్కే పిల్లవాడు ఎక్కలేకపోవడం, చెంచా పట్టే చెయ్యి పట్టలేకపోవడం లాంటిది ఏది చెప్పినా మిగతా పరీక్ష కోసం ఆగకుండా డాక్టరు దగ్గరకు పంపాలి.

చివరగా ఇంట్లో దినచర్య అడగండి. తనంతట తాను తింటుందా, ఎవరైనా తినిపిస్తారా? చెప్పులు ఎవరు వేస్తారు? ఆడుకోవడానికి చోటు ఉందా, లేక మూడో అంతస్తు ఫ్లాట్‌లోనే రోజంతానా? ఫలితాలు చదివేటప్పుడు ఈ జవాబులే అక్కరకొస్తాయి.

సామగ్రి, చోటు

ఖరీదైనదేదీ అక్కర్లేదు. ఆరు మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు ఉన్న చదునైన చోటు. సుద్దతో గీసిన మూడు మీటర్ల గీత, అయిదారు సెంటీమీటర్ల మందం. 20 నుంచి 25 సెంటీమీటర్ల మెత్తటి బంతి ఒకటి, టెన్నిస్ బంతి ఒకటి. రెండున్నర సెంటీమీటర్ల చెక్క దిమ్మెలు పది. పెద్ద రంధ్రం ఉన్న పూసలు ఎనిమిది, కొస గట్టిగా ఉన్న బూట్ల లేసు. మొనలేని చిన్న కత్తెర, తెల్ల కాగితాలు, పొట్టి క్రేయాన్లు. పెద్ద గుండీలు కుట్టిన గుడ్డ ముక్క. చిన్న ప్లాస్టిక్ జగ్గు, గ్లాసు. సెకన్లు చూడటానికి ఫోను. ఇవి కాక పట్టుకోవడానికి కమ్మీ ఉన్న నాలుగైదు మెట్లు.

టైల్స్, గ్రానైట్ నేల మీద గెంతించొద్దు. జారుతుందన్న భయంతో పిల్లలు కాళ్లు బిగబట్టుకుంటారు, మనమేమో "గెంతడం రాదు" అని రాస్తాం. పరీక్ష చెప్పులు లేకుండా ఉత్త కాళ్లతోనే చేయించండి. పొడవు లంగా, బిగుతు జీన్సు ఉంటే నిక్కరు వేయించండి. ఉదయం పూట, ఏదైనా తిన్నాక అయితే మేలు. నిద్ర లేచిన వెంటనే, జ్వరం తగ్గిన రెండు రోజులకే వద్దు. చేసి చూపేవాళ్లు ఒకరు, రాసుకునేవాళ్లు ఒకరు ఉండాలి. ఆ రెండు పనులూ ఒక్కరే చేస్తే రాత కోసం తల దించినప్పుడే పిల్లవాడు గెంతేస్తాడు.

వరుసలో కూడా ఒక కిటుకు ఉంది. ముందు అయిదు నిమిషాలు బంతితో ఊరికే ఆడనివ్వండి, తర్వాత కూర్చుని చేసే చేతిపనులు, ఆ తర్వాత గెంతులు, పరుగులు. పరుగుతో మొదలుపెడితే మళ్లీ కూర్చోబెట్టడం ఎవరి తరమూ కాదు.

మార్కులు వేసే పద్ధతి

ఒక్కో పనిని ఒకసారి మీరు చేసి చూపండి, ఒకసారి అలవాటుకు చేయనివ్వండి, తర్వాతి రెండు సార్లే లెక్కలోకి తీసుకోండి. మాటలు తక్కువ, చూపడం ఎక్కువ. "ఎడమ కాలు ఎత్తి కుడి కాలి మీద నిలబడు" అంటే అది కుడిఎడమలు తెలుసా లేదా అన్న పరీక్ష అయిపోతుంది. "నాలాగ చెయ్" చాలు.

తేలిగ్గా, తనంతట తాను చేస్తే 2. కష్టపడుతూ, సగం సగం చేస్తే 1. చేయలేకపోతే 0. ఇవి కాక ఇంకో రెండు గుర్తులు తప్పనిసరి. సిగ్గుపడి, మొరాయించి అసలు ప్రయత్నించకపోతే సున్నా వేయొద్దు, "ఒప్పుకోలేదు" అని రాయండి. ఆ పని ఇదివరకు ఎప్పుడూ చేయలేదని తల్లి చెబితే పక్కన "కొత్త" అని రాయండి. ఈ "కొత్త" అన్న మాటే తర్వాత మనల్ని తప్పుడు తీర్పు నుంచి కాపాడుతుంది.

చేతివేళ్ల పనులు

పీట ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నా, కుర్చీలో కూర్చున్నా సరే, మోచేతులు బల్ల ఎత్తుకు సరిపోవాలి. కుర్చీ అయితే కాళ్లు గాల్లో వేలాడకూడదు. వేలాడితే నడుము నిలవదు, నడుము నిలవకపోతే వేళ్లూ నిలవవు.

దిమ్మెలు: ఒకదాని మీద ఒకటి పేర్చమనండి. మూడేళ్లకు తొమ్మిది దిమ్మెల గోపురం, మూడు దిమ్మెల వంతెన ఆశించవచ్చు. ఎన్ని పేర్చిందన్నదే కాకుండా ఎలా వదిలిందో చూడండి. దిమ్మెను మెల్లగా పెట్టి వేళ్లు విడదీస్తే పట్టు మీద అదుపు వచ్చినట్టు. అదిమి పెట్టడం, చెయ్యి వణకడం, తీసేటప్పుడు పైదాన్ని తన్నేయడం కనిపిస్తే రాయండి.

పూసలు: మూడేళ్ల పిల్లలు పెద్ద పూసలు గుచ్చగలగాలి. ఇక్కడ రెండు చేతులూ వేర్వేరు పనులు చేస్తాయి, ఒకటి పట్టుకుంటుంది, ఒకటి దూరుస్తుంది. ఒక చెయ్యి ఎప్పుడూ ఒళ్లోనే ఉండిపోతే అది గుర్తించాల్సిన విషయం. బంతిపూలు దండ గుచ్చే ఇంట్లో పెరిగిన పిల్లలు ఇందులో వయసుకు మించి చేస్తారు.

బొమ్మ చూసి గీయడం: అచ్చు వేసిన ఆకారం చూపి గీయమనాలి, మీరు గీస్తుండగా చూడనివ్వకూడదు. మీ చెయ్యి కదిలిన తీరు చూసి గీయడం తేలిక, గీసి ఉన్న ఆకారాన్ని చూసి గీయడం కష్టం. ఈ రెండూ కలిపేయడం వల్లే చాలా రికార్డులు పనికిరాకుండా పోతాయి. మూడేళ్లకు సున్నా, నాలుగేళ్లకు కూడిక గుర్తు, నాలుగున్నర నుంచి అయిదేళ్లకు చతురస్రం, అయిదు దాటాక త్రిభుజం. సున్నా కొసలు కలవాలి, గుండ్రంగా ఉండకపోయినా ఫర్వాలేదు. చతురస్రంలో మూలలు మూలల్లా ఉండాలి. సున్నా కొసలే కలపలేని పిల్ల చేత "అ" దిద్దించడం ఎంత తొందరపాటో ఈ పరీక్ష చేశాక ఎవరూ చెప్పక్కర్లేదు.

పట్టు: క్రేయాన్‌ను పిడికిలితో పట్టడం రెండేళ్ల లోపు తీరు. రెండు మూడేళ్లకు అరచెయ్యి కిందికి తిప్పి వేళ్లతో పడతారు. మూడున్నర, నాలుగుకు మూడు వేళ్ల పట్టు వస్తుంది, కానీ మణికట్టు మొత్తం కదులుతుంది. నాలుగున్నర నుంచి ఆరు మధ్య వేళ్లే కదులుతాయి. పొడుగు పెన్సిలు ఇస్తే చిన్న పిల్లలు పిడికిలి బిగిస్తారు. అయిదు సెంటీమీటర్లకు మించని క్రేయాన్ ఇస్తే అసలు పట్టు బయటపడుతుంది. ఏ చెయ్యి వాడిందో రాయండి. చేతివాటం నాలుగు, ఆరేళ్ల మధ్య స్థిరపడుతుంది, ఎడమచెయ్యి అయితే మార్పించే ప్రయత్నం వద్దు.

కత్తెర: మూడేళ్లకు అంచు మీద చిన్న చిన్న గాట్లు, నాలుగేళ్లకు గీత వెంబడి కత్తిరింపు, అయిదేళ్లకు గుండ్రటి ఆకారం. "కొత్త" అన్న గుర్తు ఎక్కువగా పడేది ఇక్కడే.

రోజువారీ పనులు: అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ 2022లో సవరించిన మూడేళ్ల జాబితాలో ఫోర్కుతో తినడం ఉంది. మన పిల్లలకు అది ప్రమాణం ఎలా అవుతుంది? అన్నం వేళ్లతో కలుపుకుని ముద్ద జారకుండా నోట్లో పెట్టుకోవడం, వేయించిన పల్లీల పొట్టు తీయడం, అరటిపండు ఒలవడం, జగ్గులోంచి గ్లాసులోకి నీళ్లు పోయడం చూడండి. నాలుగేళ్లకు పెద్ద గుండీలు విప్పడం, అయిదేళ్లకు కొన్నైనా పెట్టుకోవడం రావాలి.

ఒంటిని కదిలించే పనులు

నేల మీంచి లేవడం: వెల్లకిలా పడుకోబెట్టి "గబుక్కున లే" అనండి. దీన్ని ఎవరూ జాబితాలో పెట్టరు, కానీ ముందుగా చూడాల్సింది ఇదే. బోర్లా తిరిగి, నేలకు చేతులు ఆనించి, తర్వాత మోకాళ్ల మీద, తొడల మీద చేతులతో ఎక్కుతున్నట్టు లేస్తే కండరాల బలహీనతకు అది గుర్తు, వైద్యంలో దీన్ని గోవర్స్ సైన్ అంటారు. మగపిల్లల్లో దీనితో పాటు పిక్కలు లావుగా, గట్టిగా ఉండి, పరుగు సరిగ్గా రాక, మెట్లు ఎక్కడానికి ఇబ్బంది పడుతుంటే డుషేన్ కండర క్షీణత అనుమానించాలి. "పిక్కలు చూడండి ఎంత బలంగా ఉన్నాయో" అని ఇంట్లో మురిసిపోతుంటారు. సీకే అనే కండరాల ఎంజైమ్‌ను కొలిచే రక్త పరీక్షతో మొదటి అంచనా దొరుకుతుంది.

మెట్లు: మూడేళ్లకు ఎక్కేటప్పుడు ఒక్కో మెట్టుకు ఒక్కో కాలు మార్చాలి. దిగేటప్పుడు అలా మార్చడం నాలుగేళ్లకు. ఇంట్లో మెట్లే లేని పిల్లలు ఇందులో ఆరు నెలలు వెనకబడి కనిపించినా కంగారు పడొద్దు.

ఒంటికాలి మీద: చేతులు విడిచి, ఎదురుగా గోడ మీద బొమ్మను చూడమనండి. మూడేళ్లకు ఒకటి నుంచి మూడు సెకన్లు, నాలుగుకు అయిదు దరిదాపు, అయిదుకు ఎనిమిది పది. రెండు కాళ్లూ విడివిడిగా చూడాలి. ఎత్తిన కాలిని రెండో కాలికి చుట్టేసినా, నిలిచిన కాలు జరిగినా గడియారం ఆపేయండి.

గీత మీద నడక: మూడేళ్లకు గీత పట్టుకుని నడిస్తే చాలు. మడమకు మునివేళ్లు ఆనిస్తూ నడవడం అయిదేళ్ల పని.

గెంతులు: రెండు కాళ్లూ ఒకేసారి నేల విడిచి ఒకేసారి దిగాలి. ముందుకు దూకేటప్పుడు మోకాళ్లు వంగి చేతులు వెనక్కి వెళ్తున్నాయా, లేచేటప్పుడు ముందుకు, పైకి విసురుతున్నాయా చూడండి. ఒంటికాలి మీద కుంటుతూ గెంతడం నాలుగేళ్లకు రెండు మూడు గెంతులు, అయిదేళ్లకు ఎనిమిది పది. తొక్కుడు బిళ్ళ గీసి ఆడిస్తే ఒంటికాలి నిలకడ, గెంతు, వంగి బిళ్ళ తీయడం ఒక్క ఆటలోనే కనిపిస్తాయి. పరీక్ష అన్న బెరుకు కూడా ఉండదు.

బంతి: రెండు మీటర్ల దూరం నుంచి ఛాతీ ఎత్తుకు మెల్లగా వేయండి. మూడేళ్ల పిల్ల చేతులు బిగుసుగా చాపి, ముఖం పక్కకు తిప్పి, బంతిని గుండెకు హత్తుకుంటుంది. ఆ వయసుకు అది సరైనదే. నాలుగేళ్లకు పెద్ద బంతిని ఎక్కువసార్లు పడుతుంది. అయిదేళ్లకు మోచేతులు వంచి చేతులతోనే పట్టాలి. అయిదేళ్లు నిండినా ముఖం తిప్పేస్తుంటే ముందు కళ్లు పరీక్ష చేయించండి. తెల్ల గోడ ముందు నిలబడి తెల్ల బంతి వేయడం కూడా మనం చేసే తప్పే. విసిరేటప్పుడు కుడిచేత్తో విసిరితే ఎడమ కాలు ముందుకు రావాలి. అదే వైపు కాలు ముందుకు రావడం మూడు నాలుగేళ్లలో మామూలే.

పరుగు: ఆరు మీటర్లు పరుగెత్తించి, పక్క నుంచి చూడండి. రెండు పాదాలూ నేల విడిచే క్షణం ఉందా, రెండు చేతులూ సమానంగా ఊగుతున్నాయా? ఒక చెయ్యి మడిచి ఒంటికి అంటుకుపోతే, ఒక పాదం ఈడుస్తుంటే వెంటనే రాసుకోండి. నడకలో దాగిన తేడాలు పరుగులో బయటపడతాయి. వీడియో తీస్తే తల్లిదండ్రుల అనుమతితో, ఫోను పిల్లల నడుము ఎత్తులో పట్టుకుని తీయండి.

రాయడం ఎలా

"బంతి: చేయలేదు" అన్న రాత ఆరు నెలల తర్వాత ఎవరికీ పనికిరాదు. ఇలా రాయండి: "పెద్ద బంతి, 2 మీటర్లు. రెండు సార్లూ చేతులు చాపింది, ఆలస్యంగా మూసింది, బంతి ఛాతీకి తగిలి పడింది. కళ్లు బంతి మీదే ఉన్నాయి. ఇంట్లో బంతి లేదు. 1, కొత్త." ఇది చదివితే చూపు బాగుందని, ఆలస్యం చేతుల్లో ఉందని, అలవాటు లేదని తెలిసిపోతుంది.

ఫలితం చదవడం

ఒకటి రెండు పనుల్లో సున్నా వచ్చి, అవి "కొత్త" అయితే ఆ పనుల్ని రోజూ పది నిమిషాలు ఆటలో పెట్టి మూడు వారాలకు మళ్లీ చూడండి. పని వస్తే లోటు అవకాశానిది. రోజూ చేయించినా కదలిక లేకపోతే అప్పుడు అనుమానించండి. చేతిపనులన్నీ వెనకబడి ఒంటి పనులు బాగుంటే చూపు, వేళ్ల బలం చూపించాలి. రెండూ వెనకబడి, మాటలు కూడా ఆలస్యమైతే మొత్తం ఎదుగుదలను నిపుణులు చూడాలి.

పక్కల తేడాను వేరుగా చూడాలి. కుడికాలి మీద ఏడు సెకన్లు, ఎడమకాలి మీద ఒకటి అని వస్తే, మొత్తం మార్కులు బాగున్నా పంపాల్సిందే. మూడేళ్లు దాటాక కూడా ఎప్పుడూ మునివేళ్ల మీదే నడవడం, ఊరికే పడిపోవడం, ఒక చెయ్యి ఎప్పుడూ పిడికిలిగా ఉండటం కూడా అంతే.

మరోవైపు, అనవసరంగా భయపెట్టే విషయాలూ ఉన్నాయి. మూడు నాలుగేళ్లకు మోకాళ్లు లోపలికి రాసుకున్నట్టు ఉండటం సహజం, ఆరేడేళ్లకు సర్దుకుంటుంది. ఆరేళ్ల లోపు చదును పాదాలూ ఎక్కువ మందిలో మామూలే. కాళ్లు బయటికి విల్లులా వంగి మూడేళ్లు దాటినా సర్దుకోకపోతే మాత్రం ఎముకలు మెత్తబడే జబ్బు, రికెట్స్, ఉందేమో చూపించాలి. కాస్త ఆడగానే ఆయాసపడి కూలబడే పిల్లలకు రక్తహీనత ఉందేమో చూడాలి. వాళ్లది నైపుణ్యం లోటు కాదు, ఓపిక లోటు.

పనులన్నీ మొద్దుగా, తడబడుతూ చేసే పిల్లలకు చలన సమన్వయ లోపం అన్న పేరు అయిదేళ్ల లోపు సాధారణంగా పెట్టరు. నాలుగేళ్ల పిల్ల మీద ఆ ముద్ర మీరు వేయొద్దు.

ప్రామాణిక పరీక్షలు

నిపుణులు వాడేవి వేరే ఉన్నాయి. కదలికల ఇబ్బందులు కొలిచే మూవ్‌మెంట్ ఏబీసీ రెండో కూర్పులో మూడు నుంచి ఆరేళ్ల వాళ్లకు ఎనిమిది పనులు ఉంటాయి. 5వ పర్సెంటైల్ (అదే వయసు పిల్లలు వంద మందిలో కింది నుంచి అయిదో స్థానం), అంతకు కింద ఉంటే ఎరుపు, 6 నుంచి 15 వరకు పసుపు, ఆపైన ఆకుపచ్చ. పరుగు, గెంతు, బంతి లాంటి ఒంటి పనులు చూసే టీజీఎండీ మూడో కూర్పు మూడేళ్ల నుంచి పది దాటేదాకా పనికొస్తుంది. అందులో 13 నైపుణ్యాలు, ఎంత దూరం దూకారన్నది కాకుండా ఎలా దూకారన్నదే లెక్క. త్రివేండ్రం డెవలప్‌మెంట్ స్క్రీనింగ్ చార్టును ఆరేళ్ల వరకు పొడిగించారు, త్వరగా జల్లెడ పట్టడానికి బాగుంటుంది. పసిపిల్లల ఎదుగుదలను కొలిచే మన దేశపు పరీక్ష డీఏఎస్ఐఐ ముప్ఫై నెలలకే ఆగిపోతుంది కాబట్టి ఈ వయసుకు అది కుదరదు. ఒక పరీక్షలోని పనులు కొన్ని, మరోదాంట్లోవి కొన్ని ఏరి మార్కులు కలిపితే ఆ అంకెకు అర్థం ఉండదు.

ఎక్కడికి పంపాలి

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద సంచార వైద్య బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండు సార్లు రావాలి. ఎదుగుదల ఆలస్యాలు ఆ పరీక్షల్లో భాగమే. బృందం వచ్చినప్పుడు మీ రికార్డు చేతిలో పెట్టండి, వాళ్లు పిల్లల ఇబ్బందుల్ని తొందరగా గుర్తించి సాయం చేసే జిల్లా స్థాయి డీఈఐసీ కేంద్రానికి రాసిస్తారు. నేర్చుకున్నది పోగొట్టుకోవడం, గోవర్స్ సైన్, పక్కల తేడా కనిపిస్తే బృందం వచ్చేదాకా ఆగకుండా పిల్లల డాక్టరుకు చూపించమనండి. బుద్ధి ఎదుగుదల మీద కూడా అనుమానం ఉంటే సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో బుద్ధి ఎదుగుదల లోపాలున్న వారి కోసం ఉన్న జాతీయ సంస్థ ఎన్ఐఈపీఐడీలో పరీక్ష, శిక్షణ రెండూ ఉన్నాయి.

తల్లితో చెప్పేటప్పుడు మార్కులు చదవొద్దు, పక్క పిల్లల ముందు అసలే వద్దు. ముందు పిల్ల చేయగలిగింది చెప్పి, తర్వాత "కుంటడంలో ఎడమకాలు నిలవడం లేదమ్మా, ఒకసారి డాక్టరుకు చూపిద్దాం" అని చూసింది చూసినట్టు చెప్పండి. "మీ అమ్మాయి వెనకబడింది" అంటే రెండోసారి ఆమె మీ దగ్గరకు రాదు. కాగితం కింద మళ్లీ చూడాల్సిన తేదీ రాయండి: "కొత్త" పనులకు మూడు వారాలు, మిగతా అందరికీ ఆరు నెలలు.